మెంబరుగారి అరుగు

పోయిన నెల మా పెద్దత్తయ్య పోయింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయింది, కాబట్టి ఆ ఇంట్లో ఏడుపుల కంటే కబుర్లే ఎక్కువ నడిచాయి. పన్నెండో రోజు అయ్యాక విశాఖ మహారాణిపేటలో ఆవిడ బీరువా సర్దుతుంటే అడుగున ఎర్రగుడ్డ మూట ఒకటి బయటపడింది. విప్పగానే గుప్పుమని వాసన. కలరా ఉండలు, పాత కాగితం, ఎండిపోయిన సిరా, వాటన్నిటి కిందా ముక్కుపొడుం. మా తాతగారి ముక్కుపొడుం. ఆయన పోయి యాభై ఏళ్లు దాటినా ఆ ఘాటు పోలేదంటే ఏ రకం వాడేవారో మరి.

మూటలో ఉన్నవి పొడుగాటి చిట్టా పుస్తకాలు. ఇంటి లెక్కలేమో అనుకుని మా కజిన్ పక్కన పడేయబోయాడు. తీరా చూస్తే, మద్రాసు కౌన్సిల్‌లో, అంటే తెల్లదొరల కాలం నాటి మద్రాసు శాసనసభలో అడగడానికి రాసుకున్న ప్రశ్నల చిత్తుప్రతులు. ఒక పేజీలో తెలుగులో అర్జీ సారాంశం, ఎదురు పేజీలో ఇంగ్లీషులో ప్రశ్న. మధ్యమధ్యలో "జవాబు రాలేదు", "వచ్చింది, పనికిరాదు" అని ఎర్రసిరాతో తాతగారి వ్యాఖ్యానం.

తాతగారు కౌన్సిల్ మెంబరు కాదు. మెంబరుగారి దగ్గర గుమాస్తా. మెంబరుగారంటే వన్‌టౌన్‌లో పేరున్న వకీలు. ఆయన మనవలు, మునిమనవలు ఈ ఊళ్లోనే ఉన్నారు, అందుకని పేరు రాయను. అసలు మా ఇంట్లో కూడా ఆయన పేరు ఎవరూ పలికేవారు కాదు. పదవి పోయి, ఆయనా పోయి, దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఎంతమంది ఎమ్మెల్యేలు మారినా మా ఇంట్లో మెంబరుగారు అంటే ఆయనొక్కరే.

నా చిన్నప్పుడు ఎండాకాలం రాత్రుళ్లు కరెంటు పోతే అందరం వీధి అరుగు మీద చేరేవాళ్లం. సముద్రం గాలి, పోర్టు వైపు నుంచి ఏదో ఓడ కూత, పక్కింటివాళ్ల రేడియో ఆగిపోయిన నిశ్శబ్దం. అప్పుడు తాతగారు పొడుం డబ్బీ మీద వేలితో టకటకా కొట్టి మొదలుపెట్టేవారు. కథలు చెప్పమంటే మిగతా తాతలు రామాయణం చెప్తారు, మా తాతగారు కౌన్సిల్ చెప్పేవారు. నిజం చెప్పాలంటే అప్పట్లో మాకు సగం అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఈ పుస్తకాలు తిరగేస్తుంటే ఒక్కొక్కటీ అతుక్కుంటోంది.

* * *

మొట్టమొదటి ఎలక్షన్ 1920 చివర్లో. కొత్త చట్టం కింద మద్రాసు కౌన్సిల్‌లో మొత్తం 132 మంది, అందులో 98 మందిని జనం ఎన్నుకోవాలి. జనం అంటే అందరూ కాదు. శిస్తు కట్టే రైతులు, మునిసిపల్ పన్ను కట్టేవాళ్లు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ఇలా ఏదో ఒక ఆస్తి అర్హత ఉన్నవాళ్లు. ఓటర్ల జాబితా మీద తాతగారే కూర్చునేవారు. పేరు, తండ్రి పేరు, వీధి, ఎవరి మాట ఎవరు వింటారు, అన్నీ ఆయన దస్తూరీలో ఉండేవి. ఎవరికి జట్కా పంపాలో, ఎవరి ఇంటికి మెంబరుగారు స్వయంగా వెళ్లాలో, ఎవరికి తాతగారు వెళ్లి నమస్కారం పెడితే సరిపోతుందో ఆయనే తేల్చేవారు.

అంత జాబితా రాసిన మనిషి పేరు మాత్రం అందులో లేదు. అద్దె ఇల్లు, నెలకి పదిహేను రూపాయల జీతం, అదీ సరిగ్గా ఒకటో తారీఖున వచ్చింది లేదట. మామ్మ ఈ విషయం ఎప్పుడూ దెప్పేది. "ఊళ్లో వాళ్లందరి ఓట్లూ లెక్కపెట్టారు, మన ఇంట్లో బియ్యం ఎన్నున్నాయో మాత్రం ఏనాడూ చూడలేదు" అని. తాతగారు దానికి జవాబు చెప్పేవారు కాదు.

గాంధీగారు కౌన్సిళ్లని బహిష్కరించమన్నారు కాబట్టి ఆసారి కాంగ్రెస్‌వాళ్లు పోటీలోకి దిగలేదు. బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ గెలిచింది, మొదట సుబ్బరాయలు రెడ్డియార్, కొన్ని నెలలకే పానగల్ రాజా ముఖ్యమంత్రులయ్యారు. 1921 జనవరిలో డ్యూక్ ఆఫ్ కన్నాట్ వచ్చి కౌన్సిల్‌ని ప్రారంభించాడు. మెంబరుగారు దానికోసం కొత్త కోటు కుట్టించుకున్నారు. ఆ కోటుకి గుండీలు దొరక్క టైలరు ఎన్ని తిప్పలు పడ్డాడో తాతగారు ప్రతిసారీ చెప్పేవారు, డ్యూకుగారు ఏం మాట్లాడాడో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

* * *

మెంబరుగారి ఇంటి అరుగు గురించి చెప్పాలి. వన్‌టౌన్‌లో టౌన్ హాలుకి దగ్గరలో ఆ ఇల్లు. నేను చూసేనాటికి అరుగు మీద సగం భాగంలో టైలరు షాపు, సగంలో సైకిళ్లు. ఇప్పుడైతే ఇల్లే లేదు, అపార్టుమెంటు వచ్చేసింది. కానీ తాతగారి రోజుల్లో తెల్లవారకముందే అక్కడ జనం చేరేవారట. రాత్రి బండి కట్టుకుని పల్లెల నుంచి వచ్చినవాళ్లు, పాయకరావుపేట వైపు వాళ్లు, చోడవరం వైపు వాళ్లు, జాలరిపేట నుంచి వచ్చినవాళ్లు. ఓటు ఉన్నవాళ్లు కుర్చీల దాకా వెళ్లేవారు, లేనివాళ్లు అరుగు కింద నిలబడేవారు. నిలబడేవాళ్లే ఎప్పుడూ ఎక్కువ.

"బాబూ, మా ఊరి నూతిలో నీల్లు ఎండిపోనాయి బాబూ. తాలూకా ఆపీసుకెల్తే రేపు రమ్మంతన్నారు. పట్నంలో తవరొక్క ముక్క సెప్పండి బాబూ." తాతగారు ఈ మాట అచ్చం ఆ గొంతుతోనే అనుకరించేవారు. వెంటనే గొంతు మార్చి, మెంబరుగారిలా, "ఏమయ్యా, రాసుకున్నావా?" అనేవారు. రాసుకోవడం ఆయన పని. నుయ్యి, బడి, రోడ్డు, కరణం మీద ఫిర్యాదు, జమీందారు అమీనా వచ్చి పశువుల్ని తోలుకుపోయాడని ఫిర్యాదు, పోలీసు కొట్టాడని ఫిర్యాదు.

తాతగారి బల్ల మీద కాగితాలు గుచ్చే ఇనప కమ్మీలు రెండు ఉండేవి. ఒకటి మంత్రుల కమ్మీ, ఇంకోటి దొరల కమ్మీ. ద్వంద్వ ప్రభుత్వం అని మేం తర్వాత కాలేజీలో బట్టీపట్టి పరీక్ష రాశాం చూడండి, అది మా ఇంట్లో వాళ్లకి ఈ కమ్మీల రూపంలోనే తెలుసు. బడులు, ఆసుపత్రులు, మునిసిపాలిటీలు, లోకల్ బోర్డుల రోడ్లు, నూతులు, వ్యవసాయం, కల్లు దుకాణాలు మంత్రులవి. వాటి మీద కౌన్సిల్‌లో గట్టిగా అడగొచ్చు, మంత్రి జవాబుదారీ. పోలీసు, శిస్తు, కోర్టులు, అడవి, ఖజానా దొరలవి, అంటే గవర్నరూ ఆయన ఎగ్జిక్యూటివ్ కౌన్సిలూ చూసుకునేవి. వాటి మీద అడగొచ్చు, తిట్టొచ్చు, బడ్జెట్‌లో కోత తీర్మానం పెట్టి నెగ్గొచ్చు కూడా. నెగ్గినా గవర్నరు సంతకంతో ఆ డబ్బు మళ్లీ వచ్చేస్తుంది. జనం తెచ్చే కష్టాల్లో సగం పైగా దొరల కమ్మీకే పోయేవని తాతగారు అనేవారు. మంత్రుల కమ్మీ మీదవాటికి అధికారం ఉంది కానీ డబ్బు లేదు, ఎందుకంటే ఖజానా రెండో కమ్మీలో ఉంది. ఈ ఒక్క ముక్క చెప్పి ఆయన పడీపడీ నవ్వేవారు. మాకు ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు.

* * *

ప్రశ్న రాయడం ఒక విద్య. రైతు అరగంట చెప్పిన గోడుని ఇంగ్లీషులో మూడు వాక్యాల్లోకి దించాలి, వాదన ఉండకూడదు, తిట్టు ఉండకూడదు, ఊహ ఉండకూడదు, ఉంటే సభ ప్రెసిడెంటు, అంటే ఇప్పటి స్పీకరు లాంటి ఆయన, కొట్టేస్తారు. ముందుగా నోటీసు పంపాలి. ప్రతి ప్రశ్నా ఒకేలా మొదలయ్యేది: "విల్ ది ఆనరబుల్ మినిస్టర్ బీ ప్లీజ్డ్ టు స్టేట్". తాతగారు దాన్ని సంధ్యావందనంలా గడగడా చెప్పేవారు. మాకు అదొక ఆటయిపోయింది. మామ్మ దగ్గర బెల్లం ముక్క కావాలంటే వరసలో నిలబడి, "విల్ ది ఆనరబుల్ మామ్మ బీ ప్లీజ్డ్ టు స్టేట్" అనేవాళ్లం. మామ్మకి ఇంగ్లీషు రాదు, కానీ జవాబులు మాత్రం అన్నీ వచ్చు. "ది ఆన్సర్ ఈజ్ ఇన్ ది నెగటివ్" అంటే బెల్లం లేదని. "గవర్నమెంట్ హేవ్ నో ఇన్ఫర్మేషన్" అంటే డబ్బాలో ఉందో లేదో చూడాలని. సర్కారు జవాబులు తాతగారు ఇంటికి తెచ్చి చదివీ చదివీ ఆవిడకి అలా నోటికొచ్చేశాయి.

చిట్టా పుస్తకాల్లో ఒక నుయ్యి ప్రశ్న అనేక చోట్ల కనపడింది. ఊరి పేరు ఒకటే, ప్రశ్నే కాస్త కాస్త మారుతుంది. మొదట "నుయ్యి ఎండిపోయిన సంగతి ప్రభుత్వానికి తెలుసునా" అని. జవాబు, సమాచారం లేదు. తర్వాత "సమాచారం తెప్పించుకున్నారా" అని. జవాబు, తెప్పిస్తున్నారు. ఆ తర్వాత "తెప్పించుకున్నారు కదా, ఏం చేశారు" అని. జిల్లా బోర్డు పరిశీలనలో ఉంది. చివరి దాని పక్కన ఎర్రసిరాతో, "ఈలోగా ఊరివాళ్లే తవ్వుకున్నారు. ప్రశ్న ఉపసంహరణ." అది చదివి మేమంతా నవ్వాం గానీ, మా కజిన్ కూతురు మాత్రం నవ్వలేదు. "అన్నేళ్లు ఎందుకు అడిగారు, వేరే దారి లేదా?" అంది. తను పంచాయతీరాజ్ ఇంజినీరు, ఆ పిల్లకి తెలిసిన బాధ వేరు.

* * *

సమావేశాలకి మద్రాసు ప్రయాణం ఒక పెళ్లి హడావిడి. వాల్తేరు స్టేషన్ అప్పట్లో రెండు కంపెనీల రైళ్లు కలిసే చోటు, ఇటు కలకత్తా వైపు బీఎన్నార్, అటు మద్రాసు వైపు ఎమ్మెస్సెమ్. హోల్డాలు, కూజా, రాగి చెంబు, పులిహోర క్యారియరు, లా పుస్తకాల పెట్టె, అర్జీల పెట్టె, వంటబ్రాహ్మడు, అప్పుడప్పుడు తాతగారు. మెంబరుగారు పై క్లాసులో, వీళ్లు మూడో క్లాసులో. గోదావరి వంతెన మీదికి రైలు రాగానే ఎంత రాత్రయినా లేచి కాణీ విసిరేవారట. తిరుగు ప్రయాణంలో భత్యం లెక్కలు రాసే పని. మెంబర్లకి అప్పట్లో జీతం లేదు, ప్రయాణ భత్యం, సమావేశాల రోజులకి రోజువారీ భత్యం ఉండేవి. ప్రాక్టీసు వదులుకుని వెళ్లడం వల్ల మెంబరుగారికి నష్టమే అని తాతగారి వాదన. అందుకే తన జీతం ఆలస్యమయ్యేదని, అందులో ఆయన తప్పేం లేదని కూడా. ఈ వాదనని నేను పూర్తిగా ఒప్పుకోను. కొత్త కోటుకి డబ్బులు దొరికాయి కదా.

సెయింట్ జార్జి కోటలో కౌన్సిల్ హాలు. లోపల మెంబర్లు, బయట వరండాలో గుమాస్తాలు. తమిళ, మలయాళ, కన్నడ దేశాల నుంచి, గంజాం నుంచి వచ్చిన గుమాస్తాలంతా ఆ వరండాలో పరిచయమయ్యారు. వాళ్లంతా మాట్లాడుకునేది తమ మెంబర్ల దస్తూరీ ఎంత దరిద్రంగా ఉంటుందో అని. పాలక్కాడు నుంచి వచ్చే ఒక గుమాస్తాతో తాతగారికి ఉత్తరాలు చాలా కాలం నడిచాయి. పాసు దొరికిన రోజు గ్యాలరీలో కూర్చునే అవకాశం. పానగల్ రాజాని తాతగారు అక్కడే చూశారు. తలపాగా, తక్కువ మాట, తొణకని మనిషి అని చెప్పేవారు. ఆయనే 1923లో మన కేజీహెచ్‌ని, అదే కింగ్ జార్జి ఆసుపత్రిని, ప్రారంభించడానికి వచ్చినప్పుడు తాతగారు జనంలో నిలబడి, "ఈయన్ని నేను మద్రాసులో చూశాను" అని పక్కవాడితో చెప్తే ఆ పక్కవాడు నమ్మలేదట. ఆ బాధ చివరిదాకా పోలేదు. మా ఇంట్లో పిల్లలందరం ఆ కేజీహెచ్‌లోనే పుట్టాం.

మామ్మకి నచ్చిన కౌన్సిల్ కథ ఒక్కటే, ముత్తులక్ష్మీ రెడ్డి కథ. ఆవిడ 1927లో సభలోకి వచ్చిన మొదటి స్త్రీ, అందరూ ఒప్పుకుని డిప్యూటీ ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. దేవదాసీ ఆచారం పోవాలని తీర్మానం తెచ్చారు. 1930లో గాంధీగారిని అరెస్టు చేసినప్పుడు పదవి వదిలేశారు. "అంత మంది మగాళ్ల మధ్య ఆవిడ ఒక్కర్తే కూర్చుందా? మంచినీళ్లు కావాలంటే ఎవర్ని అడిగేదో!" అని మామ్మ ప్రతిసారీ అదే సందేహం. తాతగారి దగ్గర దానికి జవాబు లేదు. పాపం ఆయన అప్పుడు వరండాలో ఉన్నారు.

ఆ రోజుల్లో సభ ప్రెసిడెంటు మన విశాఖ వకీలు సి.వి.ఎస్. నరసింహరాజుగారు. 1926 నుంచి 1930 దాకా. 1926 ఎన్నికల్లో, కౌన్సిళ్లలోకి వెళ్లాల్సిందే అన్న కాంగ్రెస్‌వాళ్ల స్వరాజ్య పార్టీ అందరికంటే ఎక్కువ సీట్లు గెలిచి కూడా మంత్రివర్గంలోకి పోనంది, చివరికి ఇండిపెండెంటు సుబ్బరాయన్ గారు మంత్రివర్గం వేశారు. కానీ సభ కుర్చీ స్వరాజ్య పార్టీ మనిషికి, అదీ మన ఊరాయనకి దక్కింది. వన్‌టౌన్‌లో వకీళ్లు పార్టీలు మరిచిపోయి మిఠాయిలు పంచారని తాతగారు చెప్పేవారు.

అదే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం వచ్చింది. విద్యామంత్రి పాత్రోగారు మన పక్కనే బరంపురం మనిషి. అయినా యూనివర్సిటీ ముందు బెజవాడలో మొదలైంది, వాల్తేరుకి 1930లో గానీ రాలేదు. ఆ నాలుగేళ్లూ మా ఊరివాళ్లకి అదే టెన్షన్. బెజవాడవాళ్లు, రాజమండ్రివాళ్లు, రాయలసీమవాళ్లు, ఎవరి వాదన వాళ్లది. నేను వాల్తేరు కొండ మీద ఎంఏ చదివిన రెండేళ్లూ సముద్రం చూస్తూ టీ తాగడం తప్ప, ఈ కొండ మీదికి ఈ కాలేజీ రావడానికి ఎంత మంది ఎన్ని టెలిగ్రాములు కొట్టుకున్నారో ఒక్కసారీ ఆలోచించలేదు. తాతగారు అన్నీ చెప్పారు, మేమే వినలేదు.

* * *

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా వేరయింది. జయపురం జమీ అంతా విశాఖ జిల్లా నుంచి అటు వెళ్లిపోయింది. తాతగారు గోడ మీద జిల్లా పటంలో ఆ భాగాన్ని పెన్సిల్‌తో గీతలు గీసి కొట్టేశారట. పెద్దత్తయ్యకి అది బాగా గుర్తు, ఎందుకంటే ఆ పెన్సిల్ తనది.

తర్వాతి ఏడు ఎలక్షన్లు. 1935 చట్టం ఓటుని కాస్త విస్తరించింది, చదువు వచ్చినవాళ్లకి కూడా ఇచ్చింది. తాతగారికి ఓటు వచ్చింది! అన్నేళ్లు పక్కవాళ్ల పేర్లు రాసిన జాబితాలో ఆయన తన పేరు తనే రాసుకున్నారు. ఒక్కో పార్టీకి ఒక్కో రంగు పెట్టె, కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. "పసుపు పెట్టెకే మీ ఓటు" అని కుర్రాళ్లు వీధుల్లో అరుస్తూ తిరిగారు. మెంబరుగారు మాత్రం పాత పద్ధతిలోనే జట్కా ఎక్కి పెద్దమనుషుల ఇళ్లకి వెళ్లారు. ఓడిపోయారు. ఆయనొక్కరే కాదు, అప్పటిదాకా ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజాగారే సొంత ఊళ్లో వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. బొబ్బిలి కోటకి ఇంత దూరాన విశాఖలో కూడా ఆ కబురు ఎవరూ మొదట నమ్మలేదట. రాజాజీ మంత్రివర్గం వచ్చింది. మంత్రుల జీతం నెలకి 500 రూపాయలే అని విని మెంబరుగారు, "అయితే ఇంక ఎవరు పోటీ చేస్తారు?" అన్నారట. కాలజ్ఞానం ఆయనకి బొత్తిగా లేదని అప్పుడే తేలిపోయింది.

తాతగారు ఆ పసుపు పెట్టెలో వేశారా, తన యజమానికి వేశారా? మా నాన్న, పెద్దత్తయ్య ఎంత అడిగినా చెప్పలేదు. నవ్వి పొడుం పీల్చేవారు.

ఓడిన తర్వాత కూడా కొన్నాళ్లు అరుగు మీదికి జనం వస్తూనే ఉన్నారు. సంగతి తెలియక కొందరు, తెలిసీ కొందరు. మెంబరుగారు లోపలి నుంచి బయటికి రావడం మానేశారు. తాతగారే అర్జీ రాసి, పైన కొత్త మెంబరు పేరు వేసి, "ఇది తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లు నాయనా" అని పంపేవారు. దాంతో మెంబరుగారికి కోపం వచ్చింది, జీతం పూర్తిగా ఆగిపోయింది, తాతగారు కోర్టులో వేరే వకీలు దగ్గర చేరారు. పాత బాకీ రాలేదు. మామ్మ ఆ బాకీ లెక్క వడ్డీతో సహా నోటికి చెప్పేది.

అందరికీ ఓటు వచ్చాక 1952లో మామ్మ మొదటిసారి ఓటు వేసింది. పట్టుచీర కట్టుకుని, పక్కింటి ఆడవాళ్లతో కలిసి పొద్దున్నే వెళ్లి, ఎండెక్కక ముందే తిరిగొచ్చిందట. తాతగారు వీధి గుమ్మంలో ఎదురుచూస్తున్నారు. ఎవరికి వెయ్యాలో ముందు రోజు రాత్రి చాలాసేపు బోధించారు మరి.

"ఎవరికి వేశావే?"

మామ్మ చెప్పులు విడిచి లోపలికి పోతూ, "గవర్నమెంట్ హేవ్ నో ఇన్ఫర్మేషన్" అందట.